మన పేర్లు మార్చింది ఎవరు?

బుధవారం పుట్టిన పిల్లవాడికి ఇంట్లో బుద్రు అని పేరు పెడతాం. బడిలో వేసిన రోజు రిజిస్టర్లో వాడు భద్రరావు అవుతాడు. శుక్రవారం పుట్టిన సుక్రి సుకన్య అవుతుంది. తల్లి వేలిముద్ర వేసి వెళ్లిపోతుంది. అఫిడవిట్ ఎవరూ అడగరు, గెజిట్‌లో వేయరు. ఒక్క పెన్నుగీత చాలు. నేనూ పంతులునే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే రాశాను, మేలు చేస్తున్నాననుకున్నాను.

అదే బుద్రు ఇరవై ఏళ్లకు నా పేరు నాకియ్యండి అంటే? నోటరీ, పత్రికల్లో ప్రకటన, గెజిట్ ఫీజు, పట్నానికి బస్సు చార్జీలు, పోయిన కూలి. కాగితాల్లో అతను ‘పేరు మార్చుకునే దరఖాస్తుదారు’. అబద్ధం! అతను మార్చుకోవడం లేదు, పోయినదాన్ని తెచ్చుకుంటున్నాడు.

‘పేరులో ఏముంది, పిల్లవాడు బాగుపడితే చాలదా?’ అంటారు కొందరు. చాలా ఉంది సారూ. గోండుల ఇంటిపేరు ఏ సగదో చెబుతుంది, కోయల ఇంటిపేరు ఏ గట్టుదో చెబుతుంది. ఎవరు అన్నదమ్ములో, ఎవరికి పిల్లనివ్వాలో దానితోనే తెలుస్తుంది. పోడు పట్టాలో తండ్రిది ఒక పేరు, కొడుకు మెమోలో ఇంకో పేరు ఉంటే కుల ధ్రువపత్రం దగ్గర నిలబెట్టి నువ్వెవరని అడుగుతారు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీము ఇంటిపేరునే ఒకచోట కుమ్రం, ఒకచోట కొమురం, మరోచోట కొమరం అని రాస్తున్నారు. ఇక బుద్రు గోడు ఎవరికి పడుతుంది?

ఇష్టపడి కొత్త పేరు పెట్టుకునే యువతతో నాకు తగాదా లేదు. పేరు మనిషి భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని 2021లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా తగాదా సిగ్గుతో. హాస్టల్లో నవ్వుతారని పేరు దాచుకోవద్దు. సిగ్గుపడాల్సింది నవ్వినవాళ్లు.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి ప్రవేశానికైనా, ఆధార్‌కైనా జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో తప్పు పడితే బతుకంతా వెంటాడుతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో బిడ్డ పుడితే నమోదు చేసేటప్పుడు పక్కనే నిలబడండి. ఉపాధ్యాయులారా, తల్లి పలికినట్టే రాయండి, రాసింది ఆమెకు చదివి వినిపించండి. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు ప్రతి పిల్లనూ పిలిచి అడగండి. మెమో వచ్చాక దిద్దించుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు.

మన సంస్కృతిని, గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభకు ఉందని 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. అయితే బుద్రు పేరు బుద్రు అని గ్రామసభ తీర్మానం చేస్తే అది రుజువుగా ఎందుకు చెల్లదు? చెల్లాలి. బడి చేసిన తప్పుకు పిల్లవాడి దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు, ఆ ఖర్చు ఐటీడీఏ భరించాలి.

తప్పు రాసినవాళ్లే దిద్దాలి. నేను రాసిన పాత రిజిస్టర్లు తీసి, ఆ పిల్లల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను. మీరూ తీయండి.