ఫొటో బాగుంది, ఆకాశమే బాగాలేదు

హైదరాబాద్ బేగంపేటలో నూరేళ్ల కిందట రాత్రంతా ఆకాశాన్ని ఫొటోలు తీసేవారు. 1887లో పారిస్‌లో ఖాయమైన ఒక అంతర్జాతీయ పథకం ప్రకారం ఆకాశమంతటినీ పట్టీలుగా విభజించి, ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ అప్పగించారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. ఎనిమిది అంగుళాల కెమెరా టెలిస్కోపుతో గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీశారు. వాటిలోని ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. నక్షత్రాల ఫొటోగ్రఫీ మన దగ్గర ఈమధ్య పుట్టిన సరదా అనుకునేవారికి ఈ సంగతి తెలియాలి.

అదే పని ఇవాళ బేగంపేటలో సాగుతుందా అంటే, నక్షత్రాల వరకు సాగుతుందనే చెప్పాలి. నక్షత్రం మసకయ్యేకొద్దీ పెరిగే మాగ్నిట్యూడ్ లెక్కలో పదకొండో అంకె దగ్గరున్న నక్షత్రాన్ని ఇప్పటి చిన్న కెమెరా కూడా నగరం నడిబొడ్డు నుంచి క్షణాల్లో పట్టేస్తుంది. మన కళ్లకు గంతలు పడుతున్నది ఇక్కడే. కెమెరా సెన్సర్లు మెరుగయ్యాయి, సాఫ్ట్‌వేర్ మెరుగయింది, ఏటా ఔత్సాహికులు తీసే ఫొటోలు కిందటేటి వాటికన్నా అందంగా ఉంటున్నాయి. వాటిని చూసినవారు ఆకాశానికేమీ కాలేదనుకుంటారు. నేను ఫొటో కన్నా ముందు దాని కింద రాసిన ఎక్స్‌పోజర్ గంటలు చూస్తాను. ఆకాశం ఎంత పోయిందో ఆ అంకె చెబుతుంది.

ఆ లెక్క కొంచెం వివరంగా చెప్పాలి. ఆకాశపు నలుపును కొలవడానికి స్కై క్వాలిటీ మీటర్ అనే చిన్న పరికరం ఉంది. మనిషి వెలుగు తాకని చోట అది సుమారు 22 చూపిస్తుంది. మంచి పల్లెటూళ్లో 21.5 రావచ్చు. పెద్ద నగరంలో 18, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అంకె ఒకటి తగ్గిందంటే ఆకాశం రెండున్నర రెట్లు వెలిగిందని అర్థం. 21.5 నుంచి 18కి దిగితే పాతిక రెట్లు. అదే టెలిస్కోపు, అదే కెమెరాతో పల్లెలో ఒక గంటలో వచ్చే గెలాక్సీ ఫొటో నాణ్యత నగరంలో రావాలంటే సుమారు పాతిక గంటలు పడుతుంది. మబ్బులూ వెన్నెలా లేని రాత్రులు ఏరుకుని పాతిక గంటలు పోగెయ్యాలంటే మన వాతావరణంలో ఒక సీజన్ గడిచిపోవచ్చు.

ఆకాశం వెలుగును కంప్యూటర్‌లో తీసెయ్యవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వెలుగు సగటును తీసెయ్యవచ్చు. ఆ వెలుగుతో పాటు వచ్చిన ఒడిదుడుకులను తీసెయ్యలేం. ఫోటాన్లు సమంగా లెక్కపెట్టినట్టు రావు. సగటున పదివేలు రావలసిన చోట ప్రతిసారీ ఓ వంద అటూ ఇటూ అవుతాయి. గెలాక్సీ అంచు నుంచి అక్కడికి వచ్చిన ఫోటాన్లు యాభయ్యే అయితే, అవి ఆ వంద తేడాలో కలిసిపోతాయి. ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు. ఉన్నట్టు ఊహించి గీయగలదేమో, అది ఫొటో అనిపించుకోదు.

అందుకే నష్టం అన్నిటికీ ఒకేలా ఉండదు. నక్షత్ర గుచ్ఛంలో ఒక్కో నక్షత్రం వెలుగు ఒక్క చుక్కలో పోగవుతుంది కాబట్టి కృత్తికలు నగరంలోనూ ఫొటోలో నిలుస్తాయి. వాటి చుట్టూ ఉన్న నీలి ధూళి మేఘం మాత్రం పోతుంది. గెలాక్సీల వెలుగు పలచగా పరుచుకుని ఉంటుంది. ఎమ్33 గెలాక్సీ మొత్తం వెలుగు ఒక చుక్కలో ఉంటే చీకటి ఆకాశంలో కంటికి సులువుగా ఆనేది. అది పున్నమి చంద్రుడికి రెండింతల వెడల్పున పరుచుకుని ఉంది, అందుకే నగరంలో టెలిస్కోపుతో చూసినా అక్కడేమీ లేనట్టే ఉంటుంది. ముందుగా పోయేవి ఇలాంటివే. పోయినట్టు ఎవరికీ తెలియదు, ఎందుకంటే చాలామంది వాటిని ఎన్నడూ చూడలేదు.

మామూలు కంటికి పోయినవాటిలో పుష్యమి ఒకటి. పంచాంగంలో నెలకోసారి చదువుతాం. కర్కాటకంలోని ఆ నక్షత్రాలు మసకగా ఉంటాయి, వాటి మధ్యలో ఉన్న గుచ్ఛం చీకటి ఊళ్లో చిన్న మబ్బుతునకలా కనిపిస్తుంది. నగరంలో పెరిగిన పిల్లవాడికి ఆ చోటు ఖాళీ.

ఇంతకుముందు మాకో ఆసరా ఉండేది. పాత సోడియం వీధిదీపాల పసుపు వెలుగు ఎక్కువగా కొన్ని తరంగదైర్ఘ్యాల్లోనే, ముఖ్యంగా 589 నానోమీటర్ల దగ్గర ఉండేది. ఆ ఒక్క రంగునూ ఆపే గాజు ఫిల్టర్ పెట్టుకుంటే చాలావరకు బయటపడేవాళ్లం. తెల్ల ఎల్‌ఈడీ వెలుగు రంగులన్నిటా పరుచుకుని ఉంటుంది. నక్షత్రాల వెలుగూ గెలాక్సీల వెలుగూ అంతే. ఒకదాన్ని ఆపితే రెండోదీ ఆగుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు వాటి సొంత రంగుల్లో వెలిగే నెబ్యులాలకు సన్నటి ఫిల్టర్లు ఇంకా పనిచేస్తాయి. నగరాల ఔత్సాహికులు నెబ్యులాల వైపు ఎక్కువగా మళ్లడానికి అదో కారణం. గెలాక్సీలకు అలాంటి ఫిల్టర్ లేదు.

పైగా తెల్ల ఎల్‌ఈడీలో 450 నానోమీటర్ల దగ్గర నీలం ఎక్కువ. గాలి అణువులు ఆ నీలాన్ని సోడియం పసుపు కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. పగలు ఆకాశం నీలంగా కనిపించడానికి కారణమైన ధర్మమే రాత్రి ఆకాశాన్ని పాడుచేస్తోంది.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను విశాఖ వీధిదీపాలను నేలకూల్చింది. వాటి స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. దేశంలో ఇంత పెద్ద ఎత్తున మారిన తొలి నగరాల్లో విశాఖ ఒకటి. 2015 జనవరిలో జాతీయ వీధిదీపాల కార్యక్రమం మొదలయింది. దాని కింద దేశమంతటా 1.3 కోట్లకు పైగా దీపాలు మారాయి. కరెంటు ఆదా అయింది, అది మంచి పనే, నేను దాన్ని తప్పుపట్టను. దీపం చవకయ్యేసరికి ఒకటి చాలిన చోట మూడు పెట్టాం, పసుపు ఉన్న చోట తెలుపు పెట్టాం, నేలను చూడాల్సినదాన్ని పక్కలకూ పైకీ తిప్పాం. నా అభ్యంతరం దాని మీదే.

ఇదంతా ఫొటోలు తీసేవాళ్ల గొణుగుడు అనుకోనక్కరలేదు. 2023 జనవరిలో సైన్స్ పత్రికలో క్రిస్టఫర్ కీబా బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. 2011 నుంచి 2022 దాకా ప్రపంచమంతటా మామూలు జనం కంటితో చూసి పంపిన 51,351 పరిశీలనలు దానికి ఆధారం. రాత్రి ఆకాశం వెలుగు ఏడాదికి సగటున 9.6 శాతం పెరుగుతోందని తేలింది. అంటే ఎనిమిదేళ్లలోపే రెట్టింపు. పుట్టినప్పుడు 250 నక్షత్రాలు కనిపించే చోట పెరిగిన బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండేసరికి వంద మిగులుతాయి. ఉపగ్రహాల కొలతలు మాత్రం పెరుగుదల ఏడాదికి రెండు శాతమే అని చెబుతూ వచ్చాయి. వాటి సెన్సర్లకు 500 నానోమీటర్లకు కిందనున్న నీలం సరిగా కనిపించదు, అడ్డంగా పోయే వెలుగూ అందదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ తేడానే. ప్రభుత్వాల చేతిలో ఉన్న కొలబద్ద, దీపాలు మారినప్పుడు పెరిగిన వెలుగును దాదాపు చూడనేలేదు.

ఆపైన రెండో ముప్పు. 2019 మేలో స్టార్‌లింక్ తొలి అరవై ఉపగ్రహాలు ఎగిరాయి, ఇప్పుడు వేలల్లో తిరుగుతున్నాయి. అవి ఫొటోలో గీతలు గీస్తాయి. ఒకే చోటివి పదుల ఫొటోలు తీసి కలిపేటప్పుడు, ఏ ఒక్క ఫొటోలోనో కనిపించి మిగతావాటిలో లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ కొట్టేస్తుంది. గీత పోతుంది, ఫొటో శుభ్రంగా వస్తుంది. దానితో పాటు ఆ క్షణంలో నిజంగా ఆకాశంలో మెరిసి పోయినదేదైనా ఉంటే అదీ పోతుంది. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే హబుల్ టెలిస్కోపుకే ఈ బెడద తప్పలేదు. 2002 నుంచి 2021 దాకా అది తీసిన ఎక్స్‌పోజర్లలో 2.7 శాతంలో ఉపగ్రహాల గీతలు దొరికాయి.

ఈ విషయంలో మన గడప కూడా చూసుకోవాలి. 2022 అక్టోబర్‌లోనూ 2023 మార్చిలోనూ శ్రీహరికోట నుంచి వన్‌వెబ్ ఉపగ్రహాలు 36 చొప్పున వెళ్లాయి. అవి 1200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి రాత్రి చాలాసేపు వాటి మీద ఎండ పడుతూనే ఉంటుంది. 2025 డిసెంబర్ 24న మన ఎల్‌వీఎం3 రాకెట్ బ్లూబర్డ్ అనే భారీ ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. దాని యాంటెన్నా పలక వైశాల్యం 220 చదరపు మీటర్లు దాటుతుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ అంతకుముందు పంపిన 64 చదరపు మీటర్ల నమూనా ఒక దశలో 0.4 మాగ్నిట్యూడ్ దాకా, ఆకాశంలో అతి ప్రకాశవంతమైన నక్షత్రాల సరసన వెలిగింది. అంతర్జాతీయ ఖగోళ సంఘం కోరిన హద్దు ఏడో మాగ్నిట్యూడ్, అంటే కంటికి ఆనకూడదు. శ్రీహరికోట ప్రయోగాలకు నేనూ గర్విస్తాను. కాబట్టే ఉపగ్రహం వెలుగును కూడా ప్రయోగ ఒప్పందంలో ఒక షరతుగా అడగాలంటాను.

పోయేది అందం ఒక్కటే అయితే ఇంత చెప్పను. 2016 సెప్టెంబర్‌లో అర్జెంటీనాలోని రొసారియోలో విక్టర్ బూసో తన ఇంటి డాబా మీది టెలిస్కోపుతో ఎన్‌జీసీ 613 గెలాక్సీని ఫొటోలు తీస్తుండగా, ఒక నక్షత్రం పేలుడు మొదలైన తొలి వెలుగే అందులో పడింది. 2023 జనవరిలో డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సెంటీ అనే ఔత్సాహికులు దేవయాని గెలాక్సీ పక్కన ఎవరూ చూడని పెద్ద ఆక్సిజన్ చాపాన్ని వందకు పైగా గంటల ఎక్స్‌పోజర్‌తో బయటపెట్టారు. అదే ఏడాది మేలో జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి ఎమ్101లో సూపర్‌నోవాను కనుగొన్నాడు. ఆయన చూడకముందు గంటల్లో ఇతర ఔత్సాహికులు మామూలుగా తీసుకున్న ఫొటోల నుంచే ఆ పేలుడు తొలి దశను శాస్త్రవేత్తలు కూర్చుకోగలిగారు. పెద్ద వేధశాలలు ఒకే గెలాక్సీ వైపు రాత్రంతా చూస్తూ కూర్చోలేవు. ఆ పని చేసేది ఇంటి డాబాలే.

ఈ నష్టం తాకనివాటిలో మొదటివాడు సూర్యుడు. నగరంలో టెలిస్కోపు కొనుక్కున్నవారు మచ్చలనూ జ్వాలలనూ ఫొటోలు తీస్తూ సంతోషంగా ఉన్నారు, ఉండాలి కూడా. ఫిల్టర్ టెలిస్కోపు ముందు మూతికి బిగించాలనీ, కన్ను పెట్టే వైపు కాదనీ మాత్రం మళ్లీ మళ్లీ చెబుతాను. రాత్రి పోయింది కాబట్టి పగలు ఉందిలే అని సరిపెట్టుకోవడం నాకు మింగుడుపడదు.

చేయగలిగింది ఉంది. లద్దాఖ్‌లోని హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి ఊళ్లవాళ్లు దీపాలకు మూతలు పెట్టుకున్నారు, కిటికీలకు మందపాటి తెరలు వేసుకున్నారు. ఫ్రాన్స్ 2018లోనే బయటి దీపాల రంగు పసుపు ఛాయ దాటి మరీ తెల్లబడకుండా 3000 కెల్విన్ హద్దు పెట్టింది. మన పట్టణాలకు ఇప్పుడొక అవకాశం వచ్చింది. ఎల్‌ఈడీ వీధిదీపం ఆయుష్షు సుమారు 50,000 గంటలు అంటారు. రాత్రికి పన్నెండు గంటలు వెలిగితే పదకొండేళ్ల చిల్లర. 2015లో బిగించిన దీపాలు మార్చాల్సిన సమయం దగ్గరపడింది. కొత్త టెండర్లు పురపాలక సంఘాల్లో, పంచాయతీల్లో తయారవుతాయి. 3000 కెల్విన్‌కు మించని రంగు, పైకి వెలుగు పోనివ్వని మూత, అర్ధరాత్రి దాటాక సగానికి తగ్గే ఏర్పాటు అనే మూడు షరతులు ఆ కాగితాల్లో ఉంటాయో లేదో ఈ రెండు మూడేళ్లలో తేలుతుంది. లేకపోతే బిగించే దీపాలు ఇంకో పదకొండేళ్లు అలాగే వెలుగుతాయి.