ఆకు నమిలితే కేసు.. ఖాట్ బ్యాన్‌తో బ్రిటన్ సోమాలీలకు ఏం మారింది?

కెన్యాలోని మేరు కొండల్లో కోసిన ఆకు. అరటాకుల్లో చుట్టి, విమానమెక్కించి, లండన్ హీత్రూలో దింపేవాళ్లు. రెండు రోజులు దాటితే కిక్కు పోతుంది, అందుకే ఆ పరుగు. 2014 జూన్ 24 వరకు ఇదంతా లీగల్ బిజినెస్సే. ఆ రోజు నుంచి అదే ఆకు 'క్లాస్ సి' డ్రగ్!

పేరు ఖాట్. అందులోని కాథినోన్ నిద్రను, ఆకలిని తరిమేస్తుంది. మాటలు మాత్రం ఆగవు. సోమాలియాలో మధ్యాహ్నం నలుగురు మగాళ్లు కూర్చుని నమలడం పాత అలవాటు. 1991లో అక్కడి ప్రభుత్వం కూలిపోయాక వేలమంది శరణార్థులు బ్రిటన్ చేరారు. ఆకు కూడా వెంటే వచ్చింది.

అయితే ఊరు మారితే అలవాటు కూడా మారుతుంది కదా. అక్కడ మధ్యాహ్నపు కాలక్షేపం.. ఇక్కడ ఉద్యోగం లేనివాళ్లకు రాత్రంతా గడిపే చోటైంది. 'మఫ్రిష్' అనే కేఫ్‌లలో సుమారు 3 పౌండ్లకు కట్ట దొరికేది. పని కబుర్లు, సొంతూరి వార్తలు, పెళ్లి సంబంధాలు.. అన్నీ అక్కడే. మరి ఇంట్లో? భర్త తెల్లారాక వస్తాడు, పగలంతా పడుకుంటాడు. పిల్లలు, ఖర్చులు భార్య మీదే. బ్యాన్ చేయమని గట్టిగా అడిగినవాళ్లలో సోమాలీ మహిళలూ ఉన్నారు. వాళ్ల బాధను తేలిగ్గా తీసిపారేయలేం.

ట్విస్ట్ ఏంటంటే, ప్రభుత్వానికి సలహా ఇచ్చే డ్రగ్స్ నిపుణుల మండలి 2013 జనవరిలో 'నిషేధం వద్దు' అంది. సమాజానికి పెద్ద హాని జరుగుతోందనడానికి తగిన ఆధారాల్లేవని తేల్చింది. అయినా అప్పటి హోంమంత్రి థెరెసా మే బ్యాన్‌కే మొగ్గారు. నెదర్లాండ్స్ అప్పటికే నిషేధించింది, ఇక బ్రిటన్ స్మగ్లింగ్ అడ్డా అవుతుందన్నది ఆమె వాదన.

మఫ్రిష్‌లు మూతపడ్డాయి. కానీ ఆకు మాయం కాలేదు. తాజా కట్టల బదులు ఎండు ఖాట్ పార్సిళ్లలో దొంగచాటుగా రావడం మొదలైంది, రేటు కూడా ఎన్నో రెట్లు పెరిగింది. కేఫ్‌లో అందరి ముందూ నమిలినవాళ్లు ఇప్పుడు తలుపులేసుకుని నములుతున్నారు. అంటే, ఏ ఇంటి కోసం బ్యాన్ అడిగారో అలవాటు ఆ ఇంట్లోకే వచ్చిందన్నమాట!

పెద్దలకు రూల్ ఇదీ: మొదటిసారి దొరికితే వార్నింగ్, రెండోసారి 60 పౌండ్ల ఫైన్, మూడోసారి అరెస్ట్. మానేయాలనుకునేవాళ్లకు ఈ మూడు మెట్లలో ఎక్కడా డాక్టర్ కనిపించడు.