పసుపు చుక్కకు సాక్ష్యం అడుగుదాం

కాన్ఫోకల్ మైక్రోస్కోపు విభాగాల బాధ్యులకు, పరిశోధక విద్యార్థులకు, గైడ్లకు విజ్ఞప్తి

ఒక ప్రోటీనుకు ఆకుపచ్చ, మరోదానికి ఎరుపు రంగు తగిలించి కణాన్ని స్కాన్ చేస్తాం. రెండూ కలిసినచోట తెరమీద పసుపు కనబడుతుంది. దాన్ని చూపించి రెండు ప్రోటీన్లూ ఒకేచోట ఉన్నాయని థీసిస్‌లో రాసేస్తాం, పసుపు రాకపోతే వేర్వేరని తేల్చేస్తాం. ఆ రెండు రంగులనూ యంత్రం ఒకే బిందువు నుంచి తెచ్చిందా అని మాత్రం అడిగేవాళ్లు తక్కువ. ఇకనుంచి అడగాలి. అడిగితే చూపడానికి కొలత చేతిలో ఉండాలి.

మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఈ కాన్ఫోకల్ పద్ధతికి ప్రాణం పిన్‌హోల్. ఫోకస్‌లో లేని వెలుగును అది అడ్డుకుంటుంది కాబట్టే 1.4 ఎన్.ఏ. ఆయిల్ లెన్సుతో సుమారు అర మైక్రాన్ నుంచి ముప్పావు మైక్రాన్ మందం పొర దొరుకుతుంది. ఇంత పల్చని పొరలో చిన్న తేడా కూడా పెద్దదే. గాజు ఒక్కో రంగును ఒక్కో లోతున ఫోకస్ చేస్తుంది. పైగా 405 నానోమీటర్ల లేజర్ చాలా యంత్రాల్లో విడి ఫైబర్‌లో వస్తుంది, దాని అమరిక వేరేగా చెడిపోవచ్చు. నాలుగు రంగుల్లో వెలిగే ఒక చిన్న బీడ్‌ను స్కాన్ చేసి చూడండి. పైనుంచి చక్కగా ఒకే చుక్క. అదే బొమ్మను పక్కనుంచి, ఎక్స్-జెడ్ కోతలో చూస్తే నీలం మచ్చ ఒక ఎత్తున, ఎరుపు మచ్చ మరో ఎత్తున ఉండటం బయటపడుతుంది. ఉన్నది ఒక్క బీడే!

దీనికి వేడి తోడవుతుంది. మీటరు పొడవున్న ఉక్కు ఒక్క డిగ్రీకి దాదాపు 11, 12 మైక్రాన్లు సాగుతుంది. పది సెంటీమీటర్ల భాగానికి లెక్కకట్టినా మైక్రాన్ దాటుతుంది. అంటే ఏసీ ఆగి గది కాస్త వేడెక్కితే చాలు, మనం చూస్తున్న పొర మారిపోవచ్చు. ఒక రంగులో మొత్తం స్టాక్ తీశాక రెండో రంగు మొదలుపెడితే, మధ్యలో జరిగిన ఈ కదలిక రంగుల మధ్య తేడాగా బొమ్మలోకి చేరుతుంది. లైను లైనుకీ, లేదా కనీసం ఫ్రేము ఫ్రేముకీ రంగు మార్చే పద్ధతి ఎంచుకుంటే ఈ చిక్కు చాలావరకు పోతుంది. మెనూలో ఒక్క క్లిక్, అంతే.

అపోక్రోమాట్ లెన్సు కొన్నాం కదా అంటారు. అది తేడాను తగ్గిస్తుంది, తుడిచెయ్యదు. ఆ తగ్గించడం కూడా 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్, సరైన ఆయిల్ ఉన్నప్పుడే. ఇన్‌ఫ్రారెడ్ ఆటోఫోకస్ ఉందంటారు. అది కవర్‌స్లిప్‌కూ లెన్సుకూ మధ్య దూరాన్ని నిలబెడుతుంది, రంగుల మధ్య తేడా దాని పని కాదు. సాఫ్ట్‌వేర్ సరిచేస్తుందన్న వాదనలో కొంత నిజముంది. కానీ ఎంత జరపాలో దానికి చెప్పాల్సింది బీడ్ కొలతే. పైగా తేడా బొమ్మ మధ్యలో ఒకలా, మూలల్లో ఒకలా ఉంటుంది, శాంపిల్ లోతుకు పోయేకొద్దీ మారుతుంది. సర్వీసు ఇంజినీరు వచ్చి సరిచేసి వెళ్లాక గది వేడి మారకుండా ఉండదు. ఇక ఖర్చంటారా, ఒక్కో స్లైడుకు పట్టేది బాగా పలచబరిచిన చుక్క బీడ్సే. యంత్రం ధర ముందు అది లెక్కలోకి రాదు. బలమైన అభ్యంతరం సమయం గురించిందే, స్లాట్లు దొరకని చోట అది న్యాయమైనదే. అయినా తప్పు బొమ్మల మీద నెలలు పోగొట్టుకోవడం కంటే వారానికో గంట చవక.

కాన్ఫోకల్ యంత్రాల కొలతలకు 2019లోనే ఐఎస్ఓ 21073 ప్రమాణం వచ్చింది. మనం అంతదూరం పోనక్కర్లేదు. లేజర్లు వేశాక గంట ఆగి, శాంపిల్‌కు వాడే మౌంటింగ్ మీడియంలోనే అమర్చిన బీడ్ స్లైడును వారానికోసారి ప్రతి ముఖ్యమైన లెన్సుతో స్కాన్ చేసి, రంగుల మధ్య తేడాను తేదీతో సహా గది తలుపుకు అంటించండి. గైడ్లకూ థీసిస్ పరీక్షకులకూ ఒక్క మనవి: పసుపు చుక్క చూపించినవారిని, ఆ వారం బీడ్ కొలత కూడా చూపించమనండి.