అప్పు లెక్కల్లో కనిపించని సంఘం

మహిళా సంఘాల వార్తలన్నీ ఈమధ్య అంకెలతో మొదలై అంకెలతోనే ముగుస్తున్నాయి. బ్యాంకు లింకేజీ ఎన్ని వేల కోట్లు, వడ్డీ రాయితీ ఎప్పుడు జమవుతుంది, కోటి మందిని కోటీశ్వరుల్ని చేస్తామన్న తెలంగాణ మాట ఎందాకా వచ్చింది, ‘ఇంటికో పారిశ్రామికవేత్త’ అన్న ఆంధ్రప్రదేశ్ నినాదం ఎంత నెరవేరింది... చర్చంతా ఇక్కడిక్కడే తిరుగుతోంది. టిఫిన్ బండి, కుట్టుమిషన్, కిరాణా కొట్టు మీద బతికే సభ్యురాలికి సంఘం ఇచ్చేది అప్పొక్కటే అన్నట్టు రాస్తున్నారు. ఇది మూలాన్నే మరిచిన లెక్క. సంఘాలకు నేర్పే పంచసూత్రాలు ఏమిటి? క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. బ్యాంకు నుంచి అప్పు తెచ్చుకోవడం ఆ అయిదింటిలో లేదు.

తోటి వ్యాపారులతో క్రమంగా కూర్చుంటే ఏమొస్తుందన్న ప్రశ్నకు గట్టి జవాబే ఉంది. చైనాలోని నాన్‌చాంగ్‌లో జింగ్ కాయ్, ఆడమ్ సీడెల్ అనే ఆర్థికవేత్తలు 2,800కు పైగా చిన్న సంస్థలను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరు యజమానులను పదేసి మంది చొప్పున గ్రూపులు చేసి ఏడాదిపాటు నెలనెలా కలిపారు. పరీక్షకు పెట్టింది సమావేశాన్నే. 2018లో అచ్చయిన ఫలితం ప్రకారం, గ్రూపుల్లో కలిసిన వాళ్ల అమ్మకాలు మిగతావాళ్ల కంటే దాదాపు 8 శాతం పెరిగాయి. అహ్మదాబాద్‌లో సేవా బ్యాంకు ఖాతాదారులైన మహిళలకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చినప్పుడు, స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చినవారే అప్పును వ్యాపారంలో పెట్టారు, ఆదాయం పెంచుకున్నారు. ఒంటరిగా వచ్చినవారికీ పాఠం అదే, పక్కన కూర్చున్న మనిషి వల్ల ఫలితం మారింది. మన సంఘాల్లో జరిగేదీ ఇదే. పొదుపు వసూలై, మినిట్స్ పుస్తకంలో సంతకాలయ్యాక మాట వ్యాపారం మీదికి మళ్లుతుంది. నూనె డబ్బా ఏ హోల్‌సేల్ షాపులో ఎంతకు దొరుకుతోంది, జాకెట్టు కుట్టుకూలి ఇరవై రూపాయలు పెంచితే గిరాకీ పోతుందా, ఖాతా పెట్టి ముఖం చాటేసిన ఇంటిని బాకీ ఎలా అడగాలి? సంఘం సొంత నిధిలోంచి అయిదు వేలు కావాలన్న సభ్యురాలిని మిగతావాళ్లు దేనికని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ ఆమె తన లెక్క తానే సరిచూసుకుంటుంది. బ్యాంకు మేనేజరుకు ఆ తీరికా ఉండదు, ఆ వీధి సంగతీ తెలియదు.

అయితే పదిమందిని ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన ఇది జరగదు. సూక్ష్మరుణ సంస్థలు కట్టినవీ గ్రూపులే. కాకపోతే అక్కడ నియమాలు సంస్థవి, సమావేశం వాయిదా వసూలుకు. ఒకరు కట్టలేకపోతే తోటివాళ్లే ఆమె గుమ్మం ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఆ వేధింపులు ముదిరి 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. గ్రూపు ఎవరి సొత్తు అన్నదాన్నిబట్టే అది అండ అవుతుందో ఉరి అవుతుందో తేలుతుంది.

సంఘం సభ్యులదేనని చెప్పే చట్టం మనకు ఎప్పటినుంచో ఉంది. చర్చలో ఎవరూ ఎత్తనిదీ అదే. సంఘాలు కలిసి ఏర్పడే గ్రామ, మండల సమాఖ్యలు నమోదైంది ప్రధానంగా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద. పాలకవర్గాన్ని తీసేసి పర్సన్ ఇన్‌ఛార్జిని కూర్చోబెట్టే వీలు 1964 నాటి సహకార సంఘాల చట్టం సర్కారుకు ఇస్తే, 1995 చట్టం ప్రభుత్వ వాటా ధనాన్నే వద్దంది, బైలాలనూ ఎన్నికలనూ సభ్యుల చేతిలో పెట్టింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం పాల సహకార సంఘాలను ఈ చట్టం నుంచి తప్పించి, మొదటి నుంచీ 1964 చట్టం కిందే ఉన్నట్టు భావించాలంటూ సవరణ తెచ్చింది. సభ్యుల సమ్మతి అడగలేదు. హైకోర్టు 2007లో దాన్ని కొట్టేసింది. 2011 సెప్టెంబరు 2న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. 1971 నాటి దమయంతి నారంగ్ కేసు నుంచి వస్తున్న సూత్రమే దీనికీ ఆధారం: కొందరు తమంతట తాము ఒక పద్ధతిలో సంఘం పెట్టుకున్నాక, వాళ్లను కాదని దాని స్వరూపాన్ని మార్చడం రాజ్యాంగంలోని 19(1)(సి) ఇచ్చిన హక్కును హరించడమే. అది శాసనం గురించిన తీర్పు, పథకం ఎవరినీ బలవంతపెట్టదు కదా అనేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. ఏ యూనిట్ పెట్టాలో పైనుంచి టార్గెట్ దిగితే, బహిరంగ సభకు జనం కావాలని సమావేశం తేదీ మారితే, ఆఫీసులో తయారైన తీర్మానం కింద సంతకాలు పెట్టడమే సమాఖ్య పని అయిపోతే, చట్టంతో చేయలేని పనిని సర్క్యులర్‌తో చేసినట్టే.

ప్రభుత్వమే లేకపోతే ఇన్ని సంఘాలెక్కడివన్న ప్రశ్న న్యాయమైనదే. డ్వాక్రా 1982లో కేంద్ర పథకంగానే మొదలైంది. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి దాచుకున్న మహిళల వెనుక జిల్లా యంత్రాంగం నిలిచింది. అండగా నిలిచినవాళ్లు యజమానులైపోరు. పోగైన రూపాయి సభ్యురాలిది. నాయకురాళ్లే డబ్బు కాజేస్తే ఎవరు చూడాలంటారా? ఏటా ఆడిట్ చేయించి ఆ లెక్క సమావేశంలో బిగ్గరగా చదివించాలి, గడువు తీరగానే నాయకత్వం మార్చాలి. అధికారి పెత్తనానికి అది సాకు కాకూడదు. పోటీదారులు ఒకరికొకరు గుట్టు విప్పరన్న అభ్యంతరానికి మాత్రం బలముంది. నాన్‌చాంగ్‌లోనూ పోటీ ఉన్నచోట లాభసాటి సమాచారం తక్కువగా పాకింది. అందుకే ఒకే వీధిలోని నాలుగు టిఫిన్ సెంటర్లను ఒక గ్రూపులో కుక్కేకంటే, వేర్వేరు వ్యాపారాల వాళ్లను కలపడం మేలు. ఈ సంగతి టార్గెట్ పట్టికకు తెలియదు, సభ్యులకు తెలుసు.

సమాఖ్య నిధిని ఏ పథకానికి వాడాలన్నా సర్వసభ్య సమావేశం తీర్మానం తప్పనిసరి అని రెండు రాష్ట్రాలూ ఉత్తర్వు ఇవ్వాలి. జిల్లా సమీక్షల్లో బ్యాంకు లింకేజీ కంటే ముందు, ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎంతమంది వచ్చారు, సొంత నిధి ఎన్నిసార్లు చేతులు మారింది అని అడగాలి. ఈ లెక్కలు మినిట్స్ పుస్తకాల్లో ఉండాల్సినవే. పాత్రికేయులూ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.