ఎక్సెల్ పట్టికలో మీటల వాడుక

మన విద్యార్థులు ఎక్సెల్ పట్టికలను నింపునపుడు ప్రతి చిన్న పనికిని మౌసునే పట్టుచున్నారు. ఇది మాకు సమ్మతము గాదు. 1979వ సంవత్సరమున డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారలు ఆపిల్ టూ యంత్రమునకై నిర్మించిన విసికాల్క్ అను స్ప్రెడ్‌షీటు మౌసు లేకయే నడచినది. ఆ యంత్రమునకు పైకిని క్రిందికిని బోవు బాణపు మీటలైనను లేవు; స్పేసు మీటను నొక్కి దిక్కును మార్చుకొనెడివారు! నేటివారికి బాణములు నాలుగును గలవు.

ఎక్సెల్ పుటకు 10,48,576 వరుసలు గలవు. కంట్రోల్ మీటతో క్రింది బాణమును నొక్కినచో, ఎడతెగక నిండియున్న గడుల చివరకు ఒక్కమారే చేరవచ్చును. మౌసు చక్రమును త్రిప్పువానికి వ్రేళ్ల నొప్పియే మిగులును.

అయినను మీటల జాబితాను వల్లె వేయించి పరీక్షించుట మాకు రుచింపదు. ఆల్ట్ మీటతో సమానపు గుర్తును నొక్కగనే మొత్తము కట్టు సూత్రము తానే వచ్చును. ఒక విద్యార్థిని మార్కులను నిలువుగా వ్రాసి, నడుమ నొక గడిని ఖాళీగా విడిచితిమనుకొందము. సూత్రము ఆ ఖాళీకి క్రిందనున్న యంకెలనే గైకొనును. పైనున్న మార్కులు లెక్కకు రావు. కష్టపడి చదివిన పిల్ల తప్పినట్లు తేలును. ఎంటర్ నొక్కకమునుపు, సూత్రము ఏ గడులను జుట్టుకొన్నదో చూచువారెందరు?

కావున ఉపాధ్యాయులు తొలుత కంట్రోల్ బాణమునే నేర్పవలయునని మా కోరిక. నిండిన యంకెలపైనుండి దానిని నొక్కినచో ఖాళీకి పైగడియందే యాగి, లోపమెచ్చటనున్నదో చూపును.