ఉమ్మడి లెక్కల సంపుటము



లెక్కను సాధించుట మనకందరకు అలవాటైన పని. లెక్కను కల్పించుట అంతగా అలవాటు లేదు. ఇతరులు కూర్చిన లెక్కలను చేయుచు, తానొక్కటియు కూర్పకుండుట, ఊరుమ్మడి బావినీరు తోడుకొనుచు పూడిక తీయునాడు రాకుండుట వంటిది. భౌతికశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు తాను కల్పించిన లెక్కలను తోటివారి ఉమ్మడి సంపుటమునకు ఈయవలెనని నా అభిప్రాయము.

విద్యార్థులకై లెక్కలను ఒకచోట చేర్చుట క్రొత్త పని కాదు. హంగరీ దేశమున గ్యోర్ పట్టణమందు దానియెల్ అరాన్యి అను ఉపాధ్యాయుడు 1894లో ఉన్నతపాఠశాలల విద్యార్థులకై ఒక గణితపత్రికను స్థాపించెను. గొప్ప గణితవేత్తయైన పాల్ ఎర్డోష్ చిన్ననాట ఆ పత్రికలోని లెక్కలు చేసినవాడే. నేడది భౌతికశాస్త్రపు లెక్కలనుగూడ ప్రకటించుచున్నది. అచ్చుయంత్రము లేకున్నను, అంతర్జాలము మూలమున అట్టి సంపుటమును నేడు మీరే కూర్చుకొనవచ్చును.

లెక్క కల్పించుటవలన లాభమేమి? ఒక బాలుడు ఇట్లు వ్రాసెననుకొందము: “మా ఊరి బావిలో జారవిడిచిన రాయి 10 సెకండ్లకు నీటిని తాకెను. నీరు ఎంత లోతున నున్నది?” సూత్రము ప్రకారము 490 మీటర్లు వచ్చును. గుణకారమున దోషము లేదు. కాని అంత లోతైన బావి ఏ ఊర నున్నది? ఈ సందేహము మనస్సున పుట్టిననాడే సూత్రము అతనికి వశమైనట్లు. 10ని 2గా దిద్దినచో 19.6 మీటర్లగును, అది నమ్మదగిన లోతు. ఆ లోతునుండి శబ్దము పైకి వచ్చుటకు సెకండులో సుమారు 17వ వంతు మాత్రమే పట్టును. కావున ఆ కాలమును లెక్కింపలేదని ఒక్క మాట చేర్చినచో చాలును. ఇంత ఆలోచన లెక్క చేయువానికంటె కల్పించువానికే ఎక్కువగా కలుగును.

“నా లెక్క ఇతరులకిచ్చినచో వారు పరీక్షలో నన్ను మించిపోదురు” అని కొందరు దాచుకొందురు. ఇది పొరపాటు. దాచిన లెక్కలోని తప్పు దాచినవానియొద్దనే యుండి, పరీక్షనాడు వానినే బాధించును. పదుగురు చూచిన లెక్కలోని తప్పును ఎవడో ఒకడు పట్టుకొనును. ఇచ్చినవాడు నష్టపడలేదు, పదుగురు పరీక్షకులను ఊరకే సంపాదించెను.

అయినను ఇచ్చువానికి ఒక బాధ్యత కలదు. సొంత పుస్తకములోని తప్పు ఒక్కనికే చేటు; ఉమ్మడి సంపుటములోని తప్పు నూరుగురకు చేటు. కావున లెక్కను రెండుమారులు చేసి చూడవలెను. మీటర్లు, సెకండ్లు మొదలగు ప్రమాణములను సరిచూడవలెను. ఒక స్నేహితునిచేత చేయించిన పిమ్మటనే ఈయవలెను. ఒరుల పుస్తకములోని లెక్కను తనదని చెప్పరాదు. తప్పు బయటపడినచో సిగ్గుపడక దిద్దవలెను.

తిరుగుచున్న సైకిలు చక్రమునందును, మ్రోగుచున్న బడి గంటయందును ఒక్కొక్క లెక్క కలదు. దానిని గమనింపుడు, వ్రాయుడు, సరిచూడుడు, పిమ్మట పదుగురకు పంచుడు.