నీడల చిత్రములు - నేరస్థుని వాంగ్మూలము

నేరకథల చలనచిత్రములు పిల్లల మనస్సులను చెరచునని ఉపాధ్యాయులు తరచుగా చెప్పుదురు. ఆ మాటను నేను పూర్తిగా త్రోసిపుచ్చను. దొంగను వీరునిగా నిలిపి, తుపాకి పేల్చుటయే పౌరుషమని నూరిపోయు చిత్రములు లేకపోలేదు. కాని నేరకథ యన్నంతనే అన్నిటిని ఒక్క గాట గట్టుట న్యాయము కాదు. నేరము ఎట్టివానిలో పుట్టునో, పట్టుబడుటకు ముందే అది వానిని లోలోపల ఎట్లు తినివేయునో చూపిన చిత్రములు కొన్ని కలవు. పెద్ద తరగతుల విద్యార్థులను వాటికి దూరముగా నుంచుట కంటె, వారితో కూర్చుండి చూచి చర్చించుట మేలని నా అభిప్రాయము.

ఫిల్మ్ నువార్ అని పేరుగాంచిన అమెరికా చిత్రములను మనసులో నుంచుకొని ఈ మాట చెప్పుచున్నాను. ఫ్రెంచి భాషలో ఆ మాటకు నల్లచిత్రమని అర్థము. జర్మనుల ఆక్రమణ కాలమున ఫ్రాన్సు ప్రజలకు అమెరికా చిత్రములు కంటబడలేదు. యుద్ధము ముగిసిన పిదప 1946లో 'ది మాల్టీస్ ఫాల్కన్', 'లారా', 'డబుల్ ఇండెమ్నిటీ' మొదలగునవి పారిస్ నగరమునకు ఒక్కుమ్మడిగా వచ్చిపడెను. వాటి చీకటిదనమును గమనించి నినో ఫ్రాంక్ అను విమర్శకుడు ఆ యేడే ఈ పేరును వాడెను. తీసినవారికి మాత్రము తాము ఫిల్మ్ నువార్ తీయుచున్నామన్న యెరుక లేదు. బిడ్డ ఒక యింట పుట్టగా పొరుగింటివారు బారసాల చేసినట్లున్నది!

ఈ జాతికి మచ్చుగా 1944లో విడుదలయైన 'డబుల్ ఇండెమ్నిటీ'ని తీసికొందము. జేమ్స్ ఎమ్. కెయిన్ నవలను దర్శకుడు బిల్లీ వైల్డర్, రచయిత రేమండ్ చాండ్లర్ కలిసి చిత్రకథగా మలచిరి. వాల్టర్ నెఫ్ లాస్ ఏంజిలిస్ నగరములో ఒక బీమా ఏజెంటు. మాటకారి, చలాకీ మనిషి. మోటారుకారు బీమా పనిమీద ఒక యింటికి పోయి ఆ యింటి ఇల్లాలు ఫిలిస్ ఆకర్షణలో పడును. ఆమె భర్తకు తెలియకుండ అతని పేర ప్రమాదబీమా వ్రాయించి, అతనిని చంపి, శవమును రైలుపట్టాలపై పడవేయుదురు. రైలు ప్రమాదములో మరణించినచో బీమా సొమ్ము రెండింతలు వచ్చునట! చిత్రము పేరు ఆ షరతునుండి వచ్చినదే.

చిత్రము మొదలగునప్పటికే నెఫ్ తుపాకి దెబ్బతిని, అర్ధరాత్రివేళ ఆఫీసుకు వచ్చి, తన నేరమును డిక్టాఫోనులో చెప్పుకొనుచుండును. హంతకుడెవరో తొలి నిమిషములలోనే తెలిసిపోవును. అట్లయిన ఇక చూచుట దేనికని కొందరడుగవచ్చును. రావణుడు చచ్చునని తెలిసియే గదా మనము రాత్రంతయు మేలుకొని హరికథ విందుము! తెలియవలసినది ఏమి జరిగెనని కాదు, ఎట్లు జరిగెనని.

ఇక ఆ నీడల సంగతి. ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ కిటికీ తెరల పలకల సందులనుండి వెలుగును పంపి, మనుష్యుల మీద కటకటాల వంటి చారలను పడవేసెను. పాతయింటి గాలిలో ధూళి తేలుచున్నట్లు కనబడుటకు అల్యూమినియపు రజనును ఊదించిరట. ఈ పద్ధతి చాలవరకు జర్మనీనుండి వచ్చినది. వైల్డర్ బెర్లిన్‌లో చిత్రకథలు వ్రాసి, హిట్లరు గద్దెనెక్కిన 1933లోనే దేశము విడిచిన యూదుడు. అతని తల్లి నాజీల మారణహోమములో నశించినది. ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్మాక్ కూడ అట్లు జర్మనీ విడిచి వచ్చినవారే. ఇట్టివారి నీడలను కేవలము అలంకారమని చెప్పుటకు నాకు నోరు రాదు.

పాత్రల విషయములో నాకొక పేచీ యున్నది. ఈ చిత్రములు మాయలాడియైన స్త్రీని, ఆమె వలలో చిక్కిన బలహీనుడైన పురుషుని పదే పదే చూపును. పాపమంతయు ఆడుదానిదే యన్న భావము ప్రేక్షకునిలో మిగులును. మన హిందీ చిత్రములు ఈ నీడలను తెచ్చుకొన్నను ఇక్కడ కొంత మెత్తబడినవి. తెలుగు 'రోజులు మారాయి'లో 1955లో నర్తించిన వహీదా రెహ్మాన్, మరుసటి యేడు 'సి.ఐ.డి.'లో దుండగుల పక్షపు స్త్రీగా వచ్చి, తుదకు నాయకునికి తోడ్పడును. అది దయయే గాని, ప్రశ్నకు సమాధానము కాదు.

సమాధానము 'డబుల్ ఇండెమ్నిటీ'లోనే యున్నదని నా నమ్మకము. ఫిలిస్ నిర్దోషి కాదు. బార్బరా స్టాన్‌విక్ ఆమెను కాఠిన్యముతోనే నటించినది. కాని మనము వినునదంతయు ఎవరి మాట? నెఫ్ మాట. చిత్రమంతయు ఒక హంతకుని వాంగ్మూలము. అందులో అతడే ఒకచోట నోరుజారును: కంపెనీని మోసగించు ఉపాయమును ఫిలిస్‌ను కలిసికొనుటకు చాలకాలము ముందునుండియే తాను తలపోయుచుంటినని. విత్తనము ఎవరిదో ఇంతకంటె స్పష్టముగా చెప్పనక్కరలేదు. కథ చెప్పువాని మాట ఎంతవరకు నమ్మవచ్చునని విద్యార్థికి నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠము నాకు తోచదు.

మూడవ పాత్ర కీస్. బీమా దావాలను పరిశీలించు అధికారి, నెఫ్‌కు తండ్రివంటివాడు. ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ ఆ పాత్రను ధరించెను. దొంగదావా వచ్చినచో కీస్ కడుపులోని 'చిన్నమనిషి' పోరుపెట్టును. గంటకు పదునైదు మైళ్ల వేగముతో పోవు రైలునుండి దూకి ఎవడును ఆత్మహత్య చేసికొనడని అతడు లెక్కలు వల్లించు ఘట్టము గణితోపాధ్యాయులకు తప్పక నచ్చును. ప్రక్కనే కూర్చున్న హంతకుని మాత్రము అతడు పోల్చుకొనలేకపోయెను. ప్రేమ లెక్కలకు అడ్డుపడినది.

ఆనాటి హాలీవుడ్ నియమావళి ఈ నవలను 1935లో రానీయలేదు. తప్పు చేసినవానికి శిక్ష పడితీరవలెనని ఆ నియమము. అందుచేత వైల్డర్ నెఫ్‌ను విషవాయువు గదిలో చంపు దృశ్యమును చిత్రీకరించెను. పిదప తానే తీసివేసెను. చిత్రము పొడుగునను కీస్ జేబులో అగ్గిపుల్ల యుండదు. అతని చుట్టను ప్రతిసారియు నెఫ్ గోటితో పుల్ల గీచి వెలిగించును. చివరి దృశ్యములో నెఫ్ ఆఫీసు వాకిట కూలబడి, సిగరెట్టు నోటబెట్టుకొని, పుల్ల గీయబోవును. చేతిలో సత్తువ యుండదు. కీస్ వంగి, ఆ పుల్లను అందుకొని, తాను వెలిగించును.